ఏడాది మాట: బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సేవపై ఒక వలంటీరు సమీక్ష

ఉత్తర టెక్సస్‌లో ఉంటున్న నేను మూడేళ్లుగా, పిల్లలకు తోడుగా పెద్దవారిని జత చేసే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే సంస్థ ద్వారా, ఒక అబ్బాయికి మెంటర్‌గా, అంటే అండగా నిలిచే పెద్దవాడిగా ఉన్నాను. ఆఫీసులోనూ, గుడిలోనూ, తెలుగు సంఘం సమావేశాల్లోనూ ఈ సంగతి తెలిసినవారు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి: ఎంత సమయం పడుతుంది, పిల్లలు ఎలాంటివారు, భయం వేయదా, అసలు దీనివల్ల ఉపయోగం ఉందా. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబులు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతున్నాయి కాబట్టి, నేను లోపలి నుంచి చూసినదాన్ని, ఈ రంగంలో జరిగిన పరిశోధనల నుంచి తెలుసుకున్నదాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది మంచి సేవ, చేరదగిన సేవ. అయితే ఇలాంటి కార్యక్రమాన్ని దేనినైనా అది చెప్పుకునే ఆశయాన్ని బట్టి కాక, పెద్దవారిని పిల్లల దగ్గర ఎంతకాలం నిలబెట్టగలుగుతోంది, విడిపోవలసి వచ్చినప్పుడు ఎలా విడదీస్తోంది అన్న రెండు విషయాలను బట్టే తూచాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సేవ స్వరూపం సులభంగానే అర్థమవుతుంది. తల్లిదండ్రులో, బడివారో, కొన్నిసార్లు బాలల న్యాయస్థానానికి సంబంధించిన అధికారులో సూచించిన పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పెద్దవారిని జత చేస్తారు. పెద్దవారిని ‘బిగ్’ అనీ, పిల్లలను ‘లిటిల్’ అనీ అంటారు. బడి ఆవరణలోనే కలుసుకునే పద్ధతి ఒకటి ఉంది. పిల్లవాడిని ఇంటి దగ్గర కారెక్కించుకుని ఊళ్లోకి తీసుకువెళ్లి తిరిగి దిగబెట్టే పద్ధతి మరొకటి. నేను రెండో పద్ధతిలో ఉన్నాను. నెలకు కనీసం రెండుసార్లు, ఒక్కోసారి రెండు మూడు గంటలు, తక్కువలో తక్కువ ఒక సంవత్సరం పాటు కలుస్తానని మాట ఇవ్వాలి. కుటుంబం ఒక్క డాలరు కూడా చెల్లించనక్కర లేదు, వలంటీరుకు ప్రతిఫలమూ ఉండదు.

ఆ ‘ఒక సంవత్సరం’ అన్న మాట మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే, ఇంతకుముందు వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు నాకు ఎదురైన అనుభవం చెప్పాలి. అప్పుడు నేను పనిచేస్తున్న చోట ఉద్యోగుల సేవా కార్యక్రమంలో భాగంగా, ఒక చిన్న సంస్థ తరఫున మమ్మల్ని ఒక ప్రాథమిక పాఠశాలకు పంపారు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ప్రతి బుధవారం మధ్యాహ్న భోజనం వేళ కెఫెటీరియాలో ఒక్కొక్కరం ఒక్కొక్క పిల్లవాడితో కూర్చోవాలి, అలా పది వారాలు. నాకు అప్పగించిన పదేళ్ల అబ్బాయి మొదటి మూడు వారాలు నాతో పది మాటలు కూడా మాట్లాడలేదు. నాలుగో వారం నేను చదరంగం బల్ల తీసుకువెళ్లాను. గుర్రం ఎలా దూకుతుందో తెలిసిన రోజున అతని ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను. ఏడో వారానికల్లా నేను వచ్చేసరికే పావులన్నీ పేర్చి ఎదురుచూస్తూ ఉండేవాడు.

పదో వారం పిజ్జాలు తెప్పించారు, మా అందరికీ ప్రశంసాపత్రాలు ఇచ్చారు, ఫొటోలు తీశారు. ఇదే ఆఖరి వారమని పిల్లలకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ విషయం నాకు అప్పటికి తట్టకపోవడం నా తప్పు. రెండు వారాల తరువాత చదరంగం బల్లను అబ్బాయికే ఇచ్చేద్దామని బడికి వెళితే, ఆఫీసులో ఉన్న ఆవిడ, గడిచిన రెండు బుధవారాలూ అతను స్నేహితుల బల్ల దగ్గరికి వెళ్లకుండా మేము కూర్చునే మూలలోనే ఒంటరిగా కూర్చున్నాడని చెప్పింది. సంస్థవారిని అడిగితే కార్యక్రమం ముగిసింది కాబట్టి మళ్లీ కలవడానికి వీల్లేదన్నారు. తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయిన పిల్లవాడికి, ఇంకొక మగవాడు కూడా చెప్పకుండా వెళ్లిపోతాడని నేను నేర్పి వచ్చాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మనసు స్థిమితంగా ఉండదు. బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్‌లో చేరడానికి ముందు నేను అడిగిన మొదటి ప్రశ్న కూడా, ముగించవలసి వస్తే మీరు ఏం చేస్తారన్నదే.

ఈ సంస్థ మొదలైన తీరులోనే దాని బలం ఉందనుకుంటాను. 1904లో న్యూయార్క్ బాలల న్యాయస్థానంలో గుమాస్తాగా పనిచేస్తున్న ఎర్నెస్ట్ కౌల్టర్, రోజూ తన ముందు నుంచి న్యాయమూర్తి దగ్గరికి వెళ్లే పిల్లలను చూసి, వీళ్లలో చాలామందికి శిక్ష కన్నా పట్టించుకునే ఒక పెద్దమనిషి అవసరమని గ్రహించాడు. నగరంలోని స్థితిమంతులను చందాలు ఇమ్మని కాక, ఒక్కొక్కరు ఒక్క అబ్బాయికి అండగా ఉండమని అడిగాడు. దాదాపు అదే కాలంలో న్యాయస్థానానికి వచ్చిన ఆడపిల్లల కోసం కొందరు స్త్రీలు ఇలాంటి పనే మొదలుపెట్టారు. ఆ రెండు పాయలు 1977లో ఒకటయ్యాయి. ఇప్పుడు ఫ్లోరిడాలోని టాంపాలో కేంద్ర కార్యాలయం, దేశమంతటా రెండు వందలకు పైగా స్థానిక శాఖలు ఉన్నాయి. ఎవరి శాఖ వారు నిధులు తెచ్చుకుని, ఉమ్మడి ప్రమాణాలకు లోబడి నడుపుకుంటారు. ఇన్నేళ్లలో ఎంత పెరిగినా ‘ఒక్కరికి ఒక్కరు’ అన్న మూలసూత్రాన్ని వదులుకోకపోవడం ఈ సంస్థలో నాకు అన్నింటికన్నా నచ్చిన గుణం.

చేరిక సులభం కాదు, కాకూడదు కూడా. దరఖాస్తు, నేర చరిత్ర తనిఖీ, మనల్ని ఎరిగినవారి దగ్గర విచారణ, డ్రైవింగ్ రికార్డు, కారు బీమా పత్రాలు, ఆ తరువాత ఒకటిన్నర గంట పైన సాగిన ముఖాముఖి. ఆ ముఖాముఖిలో నా బాల్యం గురించి, నాన్నతో నా సంబంధం గురించి, కోపం వచ్చినప్పుడు నేనేం చేస్తానన్నదాని గురించి అడిగారు. సేవ చేస్తామని వచ్చినవారిని ఇలా గుచ్చి గుచ్చి అడగడమేమిటని మన స్నేహితుల్లో ఒకరిద్దరు నొచ్చుకుని మధ్యలోనే మానుకున్నారు. నా దృష్టిలో అది సరికాదు. తన బిడ్డను ముక్కూమొహం తెలియని మనిషి కారులో ఎక్కించి పంపే తల్లి వైపు నుంచి ఆలోచిస్తే, ఆ ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఎక్కువ కాదు. నిజానికి ఈ తనిఖీలు లేకుండా రేపే వచ్చి పిల్లలతో కూర్చోమనే కార్యక్రమం ఏదైనా కనిపిస్తే దానికి దూరంగా ఉండమనే చెబుతాను.

జత చేసేటప్పుడు ఇష్టాయిష్టాలు, ఇళ్ల మధ్య దూరం, స్వభావాలు, తల్లిదండ్రుల కోరికలు అన్నీ చూస్తారు. మొదటి పరిచయం ఆ ఇంట్లోనే, సంస్థ ఉద్యోగి సమక్షంలో జరుగుతుంది. నాకు జత చేసిన అబ్బాయికి అప్పుడు పదకొండేళ్లు. అతని పేరు, ఊరు, కుటుంబ వివరాలు రాయను. అది సంస్థ నియమం, నా నియమం కూడా. ఇలాంటి పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడి కాగితాల్లో ‘ప్రమాదం అంచున ఉన్నవారు’ అన్న అర్థం వచ్చే మాట తరచుగా కనిపిస్తుంది, మన ఇళ్లలోనైతే ఇంకా మొరటుగా ‘చెడిపోయే పిల్లలు’ అంటాం. ప్రమాదం ఉన్నది పిల్లవాడిలో కాదు, వాడి చుట్టూ ఉన్న పరిస్థితుల్లో. రాత్రి షిఫ్టు చేసే తల్లి, ఏడాదిలో రెండుసార్లు మారిన ఇల్లు, మారిన ప్రతిసారీ కొత్త బడి. అబ్బాయి తెలివైనవాడు, మాటకారి, చెల్లెలిని ప్రాణంగా చూసుకుంటాడు. ఆ మొదటి పరిచయంలో సంస్థ ఉద్యోగి అతని కష్టాల పట్టిక చదవకుండా, అతనికి ఏవి ఇష్టమో అతని చేతనే చెప్పించడం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది.

మొదటి ఆరు నెలల గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే చాలామంది వలంటీర్లు నిరుత్సాహపడి వెనక్కి తగ్గేది అప్పుడే. లైబ్రరీకి వెళ్లాం, పార్కులో బాస్కెట్‌బాల్ ఆడాం, వేసవి ఎండ నూరు డిగ్రీలు దాటినప్పుడు హార్డ్‌వేర్ దుకాణంలో తిరిగి పక్షుల గూడు చేయడానికి చెక్క ముక్కలు కొన్నాం. నేను ఏది అడిగినా ‘బాగుంది’, ‘తెలియదు’ అన్న రెండు జవాబులే. అతను నాతో నిజంగా మాట్లాడడం మొదలుపెట్టింది కారులో, ఇద్దరం ఎదురుగా రోడ్డునే చూస్తూ ఉన్నప్పుడు. బడిలో ఒకడు తనను ఏమన్నాడో, తాను ఎందుకు కొట్టాడో ఒక రోజు తనంతట తానే చెప్పాడు. పిల్లలు ముఖం చూసి చెప్పలేనివి పక్కన కూర్చుని చెబుతారని అప్పుడు తెలిసింది. అందుకే ఆ తరువాత నుంచి దగ్గరి దారి వదిలి దూరపు దారిలో వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

ఇక్కడ మన తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. పిల్లవాడు కనిపిస్తే చాలు, ఏ క్లాసు, ఎన్ని మార్కులు, లెక్కలు ఎలా ఉన్నాయి, పెద్దయ్యాక ఏమవుతావు అని మొదలుపెట్టడం మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి అబ్బిన గుణం. అది ప్రేమతోనే చేస్తాం కానీ ఈ పిల్లలకు అది ఇంకొక విచారణలా వినిపిస్తుంది. 1995లో ఈ సంస్థకు చెందిన 82 జోడీలను దగ్గరగా గమనించిన పరిశోధకులు, పెద్దవారు రెండు రకాలుగా ఉన్నారని గుర్తించారు. పిల్లవాడిని మార్చాలి, చదువు బాగుచేయాలి, నడవడిక దిద్దాలి అన్న లక్ష్యాలతో వచ్చినవారు ఒక రకం. ముందు స్నేహం కుదరనిచ్చి, ఏం చేయాలో పిల్లవాడినీ అడిగి, మిగతావి వాటంతట అవే రానిచ్చినవారు ఇంకొక రకం. కొన్ని నెలల తరువాత మళ్లీ చూసేసరికి మొదటి రకం జోడీల్లో ఎక్కువ భాగం కలుసుకోవడమే మానేశాయి, రెండో రకం జోడీలు చాలావరకు నిలిచాయి. నేను కూడా మొదటి రెండు నెలలు మొదటి రకంగానే ఉన్నాను. నా సంచిలో లెక్కల పుస్తకం ఉండేది. సంస్థ ఉద్యోగిని మర్యాదగా, కానీ స్పష్టంగా, ఆ పుస్తకాన్ని ఇంట్లో పెట్టి వెళ్లమని చెప్పింది. ఏడాది తరువాత, భిన్నాలు అర్థం కావడం లేదని అబ్బాయే నన్ను అడిగాడు.

ఆ ఉద్యోగిని గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. ప్రతి జోడీకీ ఒక ఉద్యోగిని కేటాయిస్తారు. ఆమె ప్రతి నెలా నాతో, అబ్బాయితో, వాళ్ల అమ్మతో విడివిడిగా మాట్లాడుతుంది. ఒకసారి అబ్బాయి పుట్టినరోజుకు నేను ఖరీదైన బూట్లు కొనబోతే ఆమె ఆపింది. ఆ బూట్లు చెల్లెలి ముందు, తాను కొనివ్వలేకపోయిన తల్లి ముందు ఏ అర్థం ఇస్తాయో నాకు విడమరచి చెప్పింది. ఇంకొకసారి అమ్మగారికి నా మీద కలిగిన చిన్న మనస్తాపాన్ని, నాకు నేరుగా చెప్పడానికి ఆవిడ మొహమాటపడుతున్న సంగతిని ఆమె ద్వారానే తెలుసుకుని సరిదిద్దుకోగలిగాను. మెంటరింగ్ అంటే మంచి మనసున్న మనిషి, ఒక పిల్లవాడు, అంతే కదా అని చాలామంది అనుకుంటారు. ఆ ఇద్దరి మధ్య సంబంధం మొదటి గాలివానకు కూలిపోకుండా పట్టి ఉంచేది ఈ మూడో మనిషి. ఏ కార్యక్రమంలోనైనా చేరే ముందు, ఇలా నెల నెలా ఫోన్ చేసే మనిషి ఉన్నారా, ఒక్కొక్కరు ఎన్ని జోడీలను చూస్తున్నారు అని తప్పకుండా అడగాలి.

ఇక ఉపయోగం సంగతి. ఈ సేవపై జరిగిన పరిశోధనల్లో అన్నింటికన్నా ప్రసిద్ధమైనది 1995లో వెలువడింది. ఎనిమిది శాఖల్లో 10 నుంచి 16 ఏళ్ల లోపు 959 మంది పిల్లలను తీసుకుని, చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి వెంటనే మెంటర్లను వెతికారు, రెండో భాగం ఏడాదిన్నర పాటు వేచి ఉండే జాబితాలో ఉంది. ఏడాదిన్నర తరువాత చూస్తే, రెండో భాగంతో పోలిస్తే మొదటి భాగంలోని పిల్లలు మత్తుపదార్థాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం, మద్యం మొదలుపెట్టే అవకాశం 27 శాతం తక్కువగా ఉంది. బడి ఎగ్గొట్టిన రోజులు దాదాపు సగానికి తగ్గాయి, ఇతరులను కొట్టడం సుమారు మూడో వంతు తగ్గింది. ఇవి రెండు గుంపుల మధ్య పోలికలే తప్ప నూటికి నలభై ఆరుగురు పిల్లలు బాగుపడ్డారని అర్థం కాదు. విరాళాల కరపత్రాలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవడం అవసరం. తరువాత 2011లో డెబ్బైకి పైగా మెంటరింగ్ కార్యక్రమాల మదింపులను కలిపి చూసిన పరిశోధకులు సగటు ప్రయోజనం ఉన్నదని, అయితే అది ఓ మోస్తరుదేనని తేల్చారు.

నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించినది 2002లో ప్రచురితమైన ఇంకొక విశ్లేషణ. అదే పరిశోధనలోని పిల్లల సమాచారాన్ని జోడీ ఎంతకాలం నిలిచిందన్న కోణంలో మళ్లీ చూశారు. ఏడాది, అంతకు మించి నిలిచిన జోడీల్లోని పిల్లలకు ఎక్కువ రకాల మేలు కనిపించింది. ఆరు నెలలు, మూడు నెలలు అని కాలం తగ్గేకొద్దీ మేలూ తగ్గింది. మూడు నెలల లోపే విరిగిపోయిన జోడీల్లోని పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం, చదువులో తమ సామర్థ్యం మీద నమ్మకం తగ్గాయి. అంటే మధ్యలో వదిలేసిన మెంటర్ ఏమీ చేయనివాడు కాదు, చెరుపు చేసినవాడు. ఆ విశ్లేషణ గురించి చదివిన రాత్రి, బుధవారాల్లో కెఫెటీరియా మూల కూర్చున్న ఆ పదేళ్ల అబ్బాయి నా కళ్ల ముందు మెదిలాడు.

కాలం ఒక్కటే చాలదని చెప్పే చరిత్ర కూడా ఉంది, దాన్ని దాచిపెడితే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో రిచర్డ్ క్లార్క్ కాబట్ అనే వైద్యుడి చొరవతో 1939లో ఒక పెద్ద ప్రయత్నం మొదలై 1945 వరకు సాగింది. 506 మంది అబ్బాయిలను జతలుగా చేసి, జతలో ఒకరికి ఇంటికి వచ్చి పలకరించే సలహాదారు, చదువులో సాయం, వైద్యం, వేసవి శిబిరాలు అన్నీ సమకూర్చారు, రెండోవారిని వారి మానాన వదిలారు. ముప్ఫై ఏళ్ల తరువాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వారిని వెతికి పట్టుకుని 1978లో ఫలితాలు ప్రకటించారు. సాయం అందుకున్నవారిలో మూడింట రెండు వంతుల మంది అది తమకు మేలు చేసిందని చెప్పారు. లెక్కలు మాత్రం వేరే చెప్పాయి: మళ్లీ మళ్లీ నేరం చేయడం, మద్యానికి బానిస కావడం, చిన్న వయసులో చనిపోవడం వంటి అనేక విషయాల్లో, సాయం అందనివారి కన్నా అందినవారి పరిస్థితే అధ్వానంగా ఉంది. వేసవి శిబిరాలకు ఒకటికి మించిన సార్లు పంపిన అబ్బాయిల్లో ఈ నష్టం ప్రముఖంగా కనిపించిందని ఆమె తరువాతి పరిశీలనలో తేల్చారు. కష్టాల్లో ఉన్న పిల్లలందరినీ ఒకచోట గుంపుగా చేర్చితే ఒకరి నుంచి ఒకరు ఏమి నేర్చుకుంటారో ఊహించవచ్చు.

ఇది చదివినప్పుడు నా మెప్పును కూడా నేను కొంచెం అనుమానంతో చూసుకున్నాను. నాకు తృప్తిగా ఉంది, అబ్బాయి సంతోషంగా ఉన్నాడు, అమ్మగారు కృతజ్ఞతలు చెబుతారు. కేంబ్రిడ్జ్‌లోనూ అంతే చెప్పారు. అందుకే, అందరూ బాగుందంటున్నారని కాక, పోల్చి చూసే పరీక్షకు తన సేవను నిలబెట్టి, ఫలితాలు అనుకూలంగా రానప్పుడు కూడా బయట పెట్టనిచ్చినందుకు ఈ సంస్థకు నా గౌరవం పెరిగింది. 2007లో వెలువడిన పరిశోధనలో, బడి ఆవరణలో నడిచే పద్ధతిపై 1,139 మంది పిల్లలను పరిశీలించారు. మొదటి విద్యా సంవత్సరం చివర చదువులో కొంత మెరుగు కనిపించింది, రెండో ఏడాదికల్లా అందులో ఎక్కువ భాగం నిలవలేదు. బడి పద్ధతిలో కలుసుకునే సమయం తక్కువ, వేసవి సెలవులు వస్తే సంబంధం తెగిపోతుంది, ఏడాది మారితే చాలా జోడీలు కొనసాగవు. సమయం తక్కువగా ఉన్నవారికి బడి పద్ధతి అనుకూలమే అయినా, వేసవిలో ఉత్తరాలో ఫోన్లో ఏదో ఒక రూపంలో సంబంధం కొనసాగే ఏర్పాటు ఉందేమో చూసుకుని చేరమని నా సలహా.

కొరతల విషయానికి వస్తే, అన్నిటికన్నా పెద్దది వేచి ఉండే జాబితా. దాదాపు ప్రతిచోటా మెంటర్ కోసం ఎదురుచూసే పిల్లల్లో అబ్బాయిలే ఎక్కువ, ముందుకు వచ్చే వలంటీర్లలో మగవారు తక్కువ. నాకు జత అయిన అబ్బాయి కూడా ఏడాదికి పైగా ఎదురుచూశాడు. ఈ తప్పు సంస్థది కాదు, మాది. మన తెలుగు మగవాళ్లం వారాంతాల్లో క్రికెట్ లీగులకు, సంఘాల ఎన్నికలకు ఎన్ని గంటలు కేటాయిస్తున్నామో నాకు బాగా తెలుసు. వాటిలో నెలకు ఆరు గంటలు ఇటు మళ్లితే ఈ మహానగర ప్రాంతంలో కొన్ని డజన్ల మంది అబ్బాయిల ఎదురుచూపు ముగుస్తుంది.

అలా అన్నాను కదా అని అందరూ వెంటనే చేరమనడం లేదు. మనలో చాలామంది వీసాల మీద, కాంట్రాక్టు ప్రాజెక్టుల మీద ఉన్నవారు. ఆరు నెలలకు ఒకసారి ఊరు మారవలసి వచ్చేవారు ఈ పద్ధతిలో చేరడం మంచిది కాదని నా అభిప్రాయం. కిందటి ఏడాది నా ప్రాజెక్టు కూడా నార్త్ కరోలినాలోని షార్లెట్‌కు మారే సూచనలు కనిపించాయి. నేను మొదట చెప్పింది మా మేనేజరుకు కాదు, జోడీని చూసుకునే ఉద్యోగినికి. ఆమె కంగారుపడకుండా, ఖాయమైతే ఎన్ని వారాల ముందు అబ్బాయికి చెప్పాలో, ఆఖరి కలయికలు ఎలా ఉండాలో, ఆ తరువాత ఉత్తరాలు రాసుకోవడానికి అమ్మగారి అంగీకారం ఎలా తీసుకోవాలో నాతో కూర్చుని కాగితం మీద రాయించింది. చివరికి ఇక్కడి నుంచే పనిచేయడానికి ఒప్పుకున్నారు కాబట్టి ఆ కాగితం అవసరం పడలేదు. అయినా దాన్ని పారేయకుండా దాచుకున్నాను. విడిపోవడాన్ని కూడా సేవలో భాగంగా చూసే సంస్థకు, పిజ్జా తెప్పించి ఫొటో తీసే సంస్థకు ఉన్న తేడా నాకు ఆ కాగితంలో కనిపిస్తుంది.

ఈ సేవ చేయలేనివీ ఉన్నాయి. ఇంటి అద్దె కట్టలేని కుటుంబానికి మెంటర్ అద్దె కట్టడు, కట్టకూడదు. మానసిక వైద్యం అవసరమైన పిల్లవాడికి స్నేహం వైద్యం కాదు. అబ్బాయి ఏదైనా చెబితే రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే టెక్సస్ చట్టం ప్రకారం పిల్లలపై హింస గానీ నిర్లక్ష్యం గానీ జరుగుతోందని అనుమానించడానికి కారణం ఉన్న ప్రతి వ్యక్తీ దాన్ని అధికారులకు తెలియజేయాలి. ఈ సంగతిని మొదట్లోనే పిల్లవాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలని శిక్షణలో నేర్పారు. కష్టమైన సంభాషణే కానీ, తరువాత నమ్మకం పోగొట్టుకోవడం కన్నా నయం.

డబ్బు ఇవ్వదలచినవారికి ఒక మాట. 2022లో మెకెంజీ స్కాట్ అనే సంపన్న దాత ఈ సంస్థకు, దాని స్థానిక శాఖలకు కలిపి 12.26 కోట్ల డాలర్లు ఇచ్చినప్పుడు, వలంటీర్లు ఉచితంగా చేసే పనికి అంత డబ్బు ఎందుకని మా మిత్రబృందంలో చర్చ జరిగింది. ఆ డబ్బు అవసరమయ్యేది ఆ మూడో మనిషి కోసం: తనిఖీలు చేసేవారు, శిక్షణ ఇచ్చేవారు, నెల నెలా ఫోన్ చేసేవారు. ఈ రంగంలో జీతాలు తక్కువ, పని భారం ఎక్కువ. ఉద్యోగులు మారిపోతే దాని దెబ్బ నేరుగా జోడీల మీద పడుతుంది. సంఘాల తరఫున విరాళం ఇచ్చేటప్పుడు, ఉత్సవానికో బ్యానరుకో కాక ఒక ఉద్యోగి జీతానికి కేటాయించమని కోరితే ఎక్కువ మేలు జరుగుతుంది.

మా జోడీకి ఇప్పుడు మూడేళ్లు నిండాయి. అబ్బాయికి పద్నాలుగేళ్లు వచ్చాయి, ఆగస్టులో హైస్కూలులో చేరతాడు, బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించడానికి ఎంపికయ్యాడు. ప్రతి ఏడాదీ జోడీ మొదలైన నెలలో ఉద్యోగిని మా ముగ్గురినీ విడివిడిగా, కొనసాగాలని ఉందా లేదా అని అడుగుతుంది. ఎవరు వద్దన్నా నొచ్చుకోకుండా ముగించడానికి వీలుగా, ఎవరి జవాబును వారి దగ్గరే తీసుకుంటుంది. ఈసారి నేను అవునన్నాను, అమ్మగారూ అవునన్నారు. అబ్బాయి మాత్రం కాసేపు ఆలోచించి, శనివారాలు బ్యాండ్ సాధన ఉంటుంది కాబట్టి ఆదివారమైతే కుదురుతుందని చెప్పాడట.